ముట్టుకోవద్దన్న అంచు

ఇది నేను అయిదేళ్ళ కిందటే రాయాల్సింది. తీరిక లేక ఆగలేదు, అక్షరాలు రాక ఆగాను. మా నాన్న సామర్లకోట చుట్టుపక్కల వీధి వీధికీ తిరిగి కత్తులకూ కత్తెరలకూ సానపట్టేవాడు. ఆయన చక్రం తొక్కుతుంటే రాయి మీద నీళ్ళు చిలకరించడం నా పని. బడికి వెళ్ళాల్సిన ఏళ్ళన్నీ ఆ చక్రం పక్కనే గడిచాయి. పెళ్ళయ్యాక చదవాల్సినవన్నీ మా ఆయన డానియేలు చదివేవారు. ఆయన గల్ఫ్‌లో లారీ నడిపి, అక్కడి నుంచి కెనడా వచ్చి, బ్రాంప్టన్‌లో ట్రక్కు నడిపిన మనిషి. బ్యాంకు కాగితమైనా బైబిలైనా ఆయన చదివితే నేను వినేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఆయన పోయాక, నాకు అరవై ఒకటో ఏడు నడుస్తుండగా, మా చర్చిలో విమల టీచర్ నా చేత అ ఆలు దిద్దించారు. తెలుగు పట్టుబడ్డాక ఇంగ్లీషు మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు అరవై అయిదు.

బ్రాంప్టన్‌లో, మంచు మీద హాకీ ఆడే ఒక ఐస్ అరీనాలోని స్కేట్ల షాపులో ఇరవై రెండేళ్ళు సానపట్టే పని చేశాను. పోయినేడు మానేశాను. ఇప్పుడు అక్కడ మన ఊళ్ళ నుంచి చదువులకు వచ్చిన పిల్లలు పార్ట్‌టైమ్ చేస్తున్నారు. మిషన్ ఎలా నడపాలో యజమాని రెండు రోజుల్లో నేర్పిస్తాడు. ఆయన నేర్పించనిది ఆ పిల్లల కోసం ఇక్కడ రాస్తున్నాను.

గాడి

స్కేటు అడుగున ఉండే ఉక్కు పట్టీకి ఒకే అంచు ఉంటుందని అందరూ అనుకుంటారు. ఉండేది ఒకటి కాదు. పట్టీ పొడవునా మధ్యలో సన్నటి గాడి ఉంటుంది, దానికి ఇటొకటి అటొకటి రెండంచులు. గాడి లోతుగా తీస్తే అంచులు ఐసును గట్టిగా పట్టుకుంటాయి. తక్కువగా తీస్తే కాలు హాయిగా జారుతుంది. రెంటిలో ఏది మంచిదని నన్ను అడిగిన తండ్రులకు లెక్కలేదు. చెప్పు సైజుల్లో ఏది మంచిదని ఎవరైనా అడుగుతారా? వేసుకునే కాలును బట్టి ఉంటుంది. ఈ ఒక్క మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది.

అరిగిన అంచు చూస్తే ఆ పిల్లకు ఎవరు నేర్పుతున్నారో చెప్పగలిగేదాన్ని. ఇందులో మాయ ఏమీ లేదు. కత్తిపీట చూసి ఆ ఇంట్లో చేపలు కోస్తారో కూరలు కోస్తారో మా నాన్న చెప్పేవాడు. ఇదీ అంతే.

కౌంటరు దగ్గర తగువు

మా అరీనాలో డగ్ అనే కోచ్ ఉండేవాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, పగలు ప్లంబరు పని, సాయంత్రం పిల్లల హాకీ. జీతం లేదు, వట్టి ఇష్టం. పోటీ టీములను ఇక్కడ రెప్ టీములంటారు, వాటిలో ఒకటి ఆయనది. ఎనిమిదేళ్ళ పిల్లలకు కూడా సెలెక్షన్లు పెట్టి, నచ్చినవాళ్ళ నంబర్లు తలుపుకి అంటించేవాడు. వారానికి రెండు మూడు మ్యాచులు. మ్యాచులో పక్ అనే ఆ నల్లటి రబ్బరు బిళ్ళ ఒక్కో పిల్ల కర్రకు ఎంతసేపు తగులుతుందో ఎవరైనా చూశారా? మిగతా సేపంతా దాని వెంట గుంపుగా పరుగే. డగ్ పిల్లల స్కేట్లలో ఒక కాలి లోపలి అంచు మొద్దుబారి ఉండేది, మిగతా మూడు అంచులు కొత్తవాటిలా ఉండేవి. అంటే ఎప్పుడూ ఒకే కాలితో ఆగుతారు, ఒకే వైపు తిరుగుతారు. వాళ్ళను సరిదిద్దే తీరిక ఎవరికీ లేదు, శనివారం మ్యాచ్ ఉంది కదా.

గలీనా రష్యా నుంచి వచ్చింది. నా ఈడు మనిషి. మొదటి నెలంతా పక్ ముట్టనివ్వదు. ముందుకీ వెనక్కీ సున్నాలు చుట్టిస్తుంది, అంతే. ఆమె పిల్లల అంచులు నాలుగూ సమానంగా అరిగేవి. అది చూస్తే ముచ్చటేసేది. బాత్రూములో వెక్కి వెక్కి ఏడ్చేవాళ్ళు కూడా ఆమె పిల్లలే.

తిమోది ఫిన్లాండ్. భార్య ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాడు. ఐసును మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ముగ్గురికి ముగ్గురు చొప్పున ఆడించేవాడు. అందరికీ సమానంగా ఆట. ఎవరినీ తీసేయడు. వాళ్ళ అంచులు ముందూ వెనకా, లోపలా బయటా అన్నిచోట్లా కొద్దికొద్దిగా అరిగేవి. గలీనా పిల్లల అంచులంత తీరుగా ఉండేవి కావు, కానీ ఎక్కడా మొద్దుబారేవి కావు. మొదటి వారం తల్లిదండ్రులు ఆయన మీద పడ్డారు, "మా అమ్మాయికి మూడో వంతు ఐసేనా?" అని. పిల్ల ఎంతసేపు ఆడిందో ఎవరూ చూడలేదు, ఎన్ని గజాల ఐసు దొరికిందో చూశారు. వేసవిలో స్కేట్లు అటక మీద పెట్టి ఫుట్‌బాల్ ఆడుకోమని ఆయన చెబితే మా యజమాని మొహం మాడిపోయేది.

ముగ్గురూ నా కౌంటరు దగ్గరే కాఫీ తాగేవారు.

"మీ దేశమెంత, మా ఒక్క ప్రావిన్సెంత? మీరా మాకు హాకీ నేర్పేది?" అనేవాడు డగ్.

"చిన్న దేశం కాబట్టే ఒక్క పిల్లను కూడా పారేసుకోలేం. మీకు ఎక్కువున్నారు, పారేస్తారు," అనేవాడు తిమో.

"నిలబడడం నేర్పకుండానే ఇద్దరూ పరుగెత్తిస్తున్నారు. రూత్, వీళ్ళ కాఫీలో ఉప్పు వెయ్యి," అనేది గలీనా. నా పేరు రూతమ్మ, వాళ్ళకు రూత్.

ముగ్గురిలోనూ పస ఉంది, ముగ్గురిలోనూ మొండితనం ఉంది. ఎముకలు కొరికే చలిలో, పని నుంచి నేరుగా వచ్చి, ఊరి పిల్లలకు ఉచితంగా ఆట నేర్పే డగ్ లాంటివాళ్ళు వేరే దేశాల్లో ఉన్నారో లేదో నాకు తెలియదు. గలీనా దగ్గర నేర్చుకున్న పిల్ల జన్మలో స్కేటింగు మరిచిపోదు. ఆటంటే ఏమిటో తిమోకి తెలుసు. కానీ ఒకరి పిల్లల స్కేట్లు ఇంకొకరు ఒక్కసారి తిరగేసి చూసిన పాపాన పోలేదు. ప్రతివాళ్ళూ తమ దేశంలోని మంచినీ పక్క దేశంలోని చెడునూ పక్కపక్కన పెట్టి గెలిచేవారు. ఎన్నేళ్ళు విన్నాను ఈ గోల!

మనవాళ్ళు

కోచ్‌ల మీద విసుగు ఒక ఎత్తు, మనవాళ్ళ మీద విసుగు ఒక ఎత్తు. విజయవాడ కార్పొరేట్ కాలేజీల్లో చదివి ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ళు పిల్లల హాకీని కూడా ఎంట్రన్స్ పరీక్ష చేసి పెట్టారు. కిరణ్ అలాంటివాడే. హైదరాబాద్ అబ్బాయి, డల్లాస్ మీదుగా వచ్చాడు, ఐటీ. మంచివాడు, నన్ను సొంత మనిషిలా చూసేవాడు. పదేళ్ళ కూతురు అన్విత. ఆ పిల్ల ఏ రోజు ఎన్ని నిమిషాలు ఐసు మీద ఉందో ఎక్సెల్ షీట్‌లో పెట్టేవాడు.

"ఆంటీ, ఫిన్లాండ్ మెథడే బెస్ట్. టూ వీక్స్ రీసెర్చ్ చేశా," అన్నాడు, పిల్లను తిమో దగ్గర చేర్చాక ఒకసారి.

"పిల్లకి నచ్చిందా?"

"దానికేం తెలుస్తుంది ఆంటీ, పదేళ్ళది."

పక్కనే ఉన్న అతని భార్య స్వాతి, "ఆయన రీసెర్చ్ ఎప్పుడూ అంతే ఆంటీ. రైస్ కుక్కర్ కొనడానికి మూడు వారాలు పట్టింది," అంది.

పిల్లకు నచ్చిందని నాకు తెలుసు. షాపు అద్దం లోంచి చూసేదాన్ని. చిన్న పిల్ల, బలం తక్కువ. తిమో నా చేత దాని గాడిని నెల నెలా కొంచెం కొంచెం తగ్గించాడు. దాంతో నీళ్ళ మీద ఆకులా జారేది. పెద్ద పిల్లల మధ్య నుంచి తప్పించుకుని వెళ్ళి, తర్వాత వెనక్కి తిరిగి వాళ్ళను చూసి నవ్వేది.

కిరణ్‌కు అది చాలలేదు. ఆ ఏడాది స్ప్రింగ్‌లో డగ్ రెప్ టీము సెలెక్షన్లకు పేరిచ్చాడు. ఇంకో ఏడాది ఆగమని తిమో చెప్పాడు. మనవాళ్ళు ఆగుతారా?

చీటీ

ఇంగ్లీషు చదవడం రాకుండా ఇరవై రెండేళ్ళు ఎలా నెట్టుకొచ్చానో కూడా చెప్పాలి. అంకెలు నాకెప్పుడూ వచ్చు. స్కేట్లను లేసుల రంగు బట్టి, గీతల బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని. "కాగితం వద్దు, నోటితో చెప్పండి" అనేదాన్ని. ఎవరైనా చీటీ పెట్టి వెళ్ళిపోతే "రేపు రండి" అనేదాన్ని. చీటీ ఇంటికి తీసుకెళ్ళి డానియేలు చేత చదివించుకుని, మర్నాడు పని చేసేదాన్ని. రూత్ తొందరపడదు, అందుకే పని అంత బాగుంటుందని అరీనాలో నాకు పేరొచ్చింది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. సిగ్గుపడాల్సిన చోట పేరు తెచ్చుకున్నాను.

సెలెక్షన్ల నాటికి డానియేలు పోయి ఏడాదైంది. ఆ ఏడాదంతా చీటీ పుచ్చుకోకుండా, నోటితో చెప్పించుకునే నెట్టుకొచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నం కిరణ్ చెవిలో ఫోనుతో వచ్చి అన్విత స్కేట్ల సంచి కౌంటరు మీద పెట్టాడు. "ఆంటీ, రేపు మార్నింగే ట్రైఅవుట్. తిమో నోట్ రాసిచ్చాడు, లోపలుంది. మీటింగ్‌లో ఉన్నా. ఈవెనింగ్ స్వాతి వస్తుంది," అని, నేను నోరు తెరిచే లోపలే వెళ్ళిపోయాడు.

ఎడమ స్కేటు లోపల మడిచిన చీటీ ఉంది. విప్పాను. మూడు నాలుగు వరుసలు. రేపు రమ్మనడానికి వీల్లేదు, చదివించుకోవడానికి ఇంట్లో మనిషి లేడు. యజమాని చేత చదివించవచ్చు. అన్నేళ్ళ తర్వాత ఏ మొహం పెట్టుకుని అడగను? స్కేటు కదిపి చూస్తే పట్టీ స్క్రూ వదులుగా ఉంది. బిగించాను. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది.

కానీ నాకూ ఒక తెలివి ఉంది కదా! రేపటి పరీక్ష డగ్‌ది. డగ్ పిల్లల్ని గీత దాకా పరుగెత్తించి ఠక్కున ఆపుతాడు. జారే అంచుతో పిల్ల ఆగలేదు, గట్టిగా పట్టే అంచు కావాలి అనుకున్నాను. లోతైన గాడి తీశాను. నా చేతి మీద అంత మంచి అంచు అంతకు ముందెప్పుడూ పడలేదు. రాయితో అంచు మీది గరుకు తీసి, నూనె చుక్క రాసి, వేలి గోటి మీద పెట్టి చూసుకుని మురిసిపోయాను. చీటీని బిస్కట్ డబ్బాలో పడేశాను.

శనివారం అద్దం దగ్గర నిలబడ్డాను. డగ్ విజిల్ వేశాడు. అన్విత గీత దాకా వెళ్ళి ఆగబోయింది. అంచు ఐసును కరుచుకుంది. పిల్ల ముందుకు బోర్లా పడింది. రెండోసారీ అంతే. మూడోసారి పడ్డాక వెంటనే లేవలేదు. కూర్చుని తన కాళ్ళకేసి చూసుకుంది, అవి తనవి కానట్టు. ఆ తర్వాత గీత దాకా రాకముందే భయంతో నెమ్మదించడం మొదలుపెట్టింది. మర్నాడు తలుపు మీది నంబర్లలో దాని నంబరు లేదు.

సోమవారం తిమో వచ్చాడు. "రూత్, అన్వి స్కేట్లకు సానపట్టావా?"

"చీటీలో ఉన్నట్టే చేశాను," అన్నాను.

అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది. "అయితే తప్పు నాదే. తనను అలాంటి పరీక్షకు నేను తయారు చేయలేదు," అన్నాడు.

నేను మిషన్ ఆన్ చేశాను, ఇక మాట్లాడక్కర్లేకుండా.

తర్వాత

కిరణ్ మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫిన్లాండ్ పద్ధతి వట్టి ఆటలేనని, గట్టి పరీక్షకు నిలబడదని పెట్టాడట. ఒకరి తర్వాత ఒకరు తిమో దగ్గర మానేశారు. చలికాలం వచ్చేసరికి ఆయన భార్యతో మాంట్రియల్ వెళ్ళిపోయాడు. అన్వితకు తెల్లవారకముందే గలీనా దగ్గర స్కేటింగు, సాయంత్రం జిమ్ము, సెలవుల్లో డగ్ క్యాంపు. మూడు దేశాల మందులూ ఒకే పిల్లకు తాగించారు. రెండేళ్ళ తర్వాత రెప్ టీములో చోటొచ్చింది. వచ్చిన నాలుగు నెలలకు, పన్నెండో ఏట, ఆ పిల్ల ఆట మానేసింది.

అదంతా నేను మిషన్ వెనక నుంచి చూశాను. కోచ్‌లను తిట్టుకున్నాను, కిరణ్‌ను తిట్టుకున్నాను. ఎవరినో ఒకరిని తిట్టుకుంటూ ఉంటే బిస్కట్ డబ్బా గుర్తుకురాదు.

మొన్న, ఇంగ్లీషు కూడబలుక్కోగలిగాక, డబ్బా తీశాను. వంటింటి బల్ల మీద ఆ చీటీ పెట్టుకుని, విమల టీచర్ ఇచ్చిన పుస్తకం పక్కన పెట్టుకుని చదివాను. ఉదయం కూర్చుంటే భోజనాల వేళైంది. "ఎడమ స్కేటు స్క్రూ బిగించండి. అంచు ముట్టుకోవద్దు. అన్వికి ఇదే అలవాటు. థ్యాంక్యూ రూత్." అంతే ఉంది. ఊహించిందే. అయినా ఆ థ్యాంక్యూ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి కిరణ్ ఇంటికి వెళ్ళాను. ఇంటి నుంచే పని చేస్తున్నాడు. స్వాతి టీ పెట్టింది. స్కూలు నుంచి అన్విత వచ్చేదాకా ఆగి, చీటీ బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అప్పట్లో నాకు చదవడం రాదని కూడా చెప్పాను. అది చెప్పడానికే ఎక్కువ కష్టమైంది.

కిరణ్ చీటీ రెండుసార్లు చదివాడు. "అంటే... ఫిన్లాండ్ మెథడ్ ఫెయిల్ అవలేదన్నమాట!"

ఒళ్ళు మండింది నాకు. "నీ మెథడ్ తగలెయ్య! అయిదేళ్ళ తర్వాత కూడా నీకు కనిపించింది అదేనా బాబూ?"

"మీరాగండి," అని స్వాతి అతన్ని కసిరింది. "అన్వీ, ఆంటీ నీకు సారీ చెప్తున్నారు."

అన్వితకు ఇప్పుడు పదిహేనేళ్ళు. అంతా ఇంగ్లీషులోనే మాట్లాడింది, నాకు అర్థమైంది రాస్తున్నాను.

"ఆ రోజు పడింది గుర్తుంది ఆంటీ. నా కాళ్ళకే ఏదో అయిందనుకున్నా. చాలా రోజులు అలాగే అనుకున్నా. తెలిసినందుకు బాగుంది. కానీ నేను మానేసింది అందుకు కాదు. కారు వల్ల."

"కారేంటి?" అన్నాడు కిరణ్.

"రోజూ కార్లోనే కదా నాన్నా. వెళ్ళేటప్పుడు ఏం చేయాలో చెప్పేవాడివి, వచ్చేటప్పుడు ఏం చేయలేదో చెప్పేవాడివి. కార్లోనే తినేదాన్ని. తిమో గ్రూపులో నాకు ఫ్రెండ్స్ ఉండేవాళ్ళు. తర్వాత ఎక్కడా ఎవరూ లేరు. ఐసంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. నన్నెవరూ అడగలేదు."

కిరణ్ చీటీని మళ్ళీ ఉన్న మడతలోనే మడిచాడు.

తిమోకి నేనే రాస్తానన్నాను. ఆ బల్ల దగ్గరే కూర్చుని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాశాను: చీటీ చదవలేదు, అప్పుడు నాకు చదవడం రాదు, సానపట్టాను, తప్పు మీది కాదు. అన్విత దాన్ని ఫోటో తీసి ఆయనకు పంపింది. వెళ్ళబోతూ దాన్ని అడిగాను, "రేపు పొద్దున పబ్లిక్ స్కేటింగ్ ఉంది. వస్తావా?"

"మే బీ," అంది.

మీకు చెప్పేది ఒక్కటే. తండ్రి చెప్పింది వినండి, కోచ్ చెప్పింది వినండి. మిషన్ ఆన్ చేసే ముందు ఆ స్కేట్లు వేసుకునే పిల్లను అడగండి. మీకు ఏదైనా రాకపోతే రాదని చెప్పండి. సిగ్గు ఒక పూటలో పోతుంది. పోనిచ్చేవరకే కష్టం.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి నేను అరీనాకు వెళ్ళాను. షాపులో పని చేస్తున్న నెల్లూరు అమ్మాయిని అడిగి మిషన్ దగ్గర చోటు తీసుకున్నాను. తొమ్మిదిన్నరకు అన్విత వచ్చింది, బస్సులో, ఒక్కతే. చేతిలో పన్నెండో ఏట కొన్న స్కేట్లు. ఎదుగుతుంది కదా అని మన అలవాటు ప్రకారం కిరణ్ రెండు సైజులు పెద్దవి కొన్నాడట, ఇప్పుడు సరిగ్గా పట్టాయి.

"ఎలా కావాలమ్మా?" అని అడిగాను. ఇరవై రెండేళ్ళలో ఒక పిల్లను ఆ మాట అడగడం అదే మొదలు.

తెల్లబోయి చూసింది. స్కేటు తిరగేసి అంచు మీద వేలు పెట్టి ఆలోచించింది. "తక్కువ గాడి. జారేలా. ముందుండేది కదా, అలా," అంది.

కౌంటరు మీది చీటీల కట్ట లోంచి ఒకటి తీసి, ఆమె చెప్పింది నా చేత్తో రాశాను. రాసింది ఆమెకు పైకి చదివి వినిపించాను.

"అంతేనా?"

"అంతే."

అప్పుడు మిషన్ ఆన్ చేశాను.